వంకర రెక్క పిచ్చుక

"ఆ చెయ్యి తియ్యి. ముట్టుకున్నావంటే నీ వేళ్లు కూడా గీకేస్తాను."

అమ్మ గొంతు పాలిష్ గది దాటి తీగ చుట్టే గదిలోకి వినబడింది. అక్కడ పనిలో ఉన్న ఆమె కూతురు చిన్నది యంత్రం ఆపకుండానే లేచి పరుగెత్తింది. వెనకాల, వెంట్రుక కన్నా సన్నని రాగితీగ పుటుక్కున తెగిన చప్పుడు.

పాలిష్ గది గుమ్మంలో ఆగిపోయింది.

దుకాణాలకు వెళ్లడానికి సిద్ధమైన గిటార్లు గోడవారగా వేలాడుతున్నాయి. వాటిలో ఒకదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని అమ్మ ముక్కాలిపీట మీద కూచుంది. దూరాన్నించి చూసినవాళ్లు పసిదానికి తల దువ్వుతోందనుకుంటారు. చేతిలో చెక్క గీకే ఇనపరేకు. గిటారు మెడ కొసన, తీగలు బిగించే తలమీద, నల్లగా అచ్చువేసిన పిచ్చుక బొమ్మ ఉంటుంది. దాన్ని గీకేస్తోంది. అద్దంలా మెరిసే వార్నిష్ పెచ్చులు పెచ్చులుగా లేచి ఒళ్లో రాలుతోంది. అప్పటికే కొన్ని గిటార్లు బోడితలలతో ఆమె కాళ్ల దగ్గర పడి ఉన్నాయి.

"నువ్వైనా చెప్పు తల్లీ," అన్నాడు పాలిషాయన, ఏడుపు ఆపుకుంటూ. "పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని సామెత వినడమే గానీ కళ్లారా చూడటం ఇవాళే. ఒక్కో తలకి ఎన్ని పూతలు పూశానో, ఎన్నిసార్లు నునుపు పెట్టానో అమ్మగారికి తెలియదా?"

"తెలుసు. అందుకే కష్టంగా ఊడుతోంది," అంది అమ్మ తల ఎత్తకుండా.

"ఏం చెప్పావు నువ్వు అమ్మకి?" చిన్నది పాలిషాయన వైపు తిరిగింది.

"నేనేం చెప్పానమ్మా! మన కంపెనీ పేరు కొనేవాళ్ల ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. పిచ్చుక అచ్చురేకు శుభ్రంగా తుడిచి ఉంచండి, మధ్యాహ్నం మా మనిషి వచ్చి పట్టుకెళ్తారు అన్నారు. అమ్మగారికి తెలిసే ఉంటుందనుకుని, ఏ బట్టలో చుట్టమంటారు అని అడిగాను. అదే నేను చేసిన పాపం."

"నీ పాపం కాదులే. నీ నోటికి దండం పెట్టాలి. నువ్వు అడక్కపోతే ఈ ఇంట్లో నాకు చెప్పే దిక్కెవరు?" అమ్మ రేకు ఆపి, మొదటిసారి కూతురి ముఖంలోకి చూసింది. "నీకు తెలుసా?"

చిన్నది కింద రాలిన పెచ్చుల వైపు చూసింది.

"తెలుసా అని అడుగుతున్నా."

"నాన్న సంతకం పెట్టిన రోజున చెప్పాడు. నీకు తనే చెప్తానన్నాడు. ఇంకా నా సంతకం కాలేదమ్మా. ఇవాళ..."

"ఇవాళ కాబోతోంది." అమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి పాలిషాయన బయటికి వెళ్లిపోయాడు. "బాగుంది. ఈ కంపెనీలో మొదటి తీగ చుట్టింది నేను. కంపెనీ కాగితాల్లో, సంతకాల దగ్గరికి వచ్చేసరికి తండ్రీ కూతుళ్లు మిగిలారు. నేనెవర్ని? వంట మనిషినా?"

"అమ్మా, వాళ్లకి పిచ్చుక అన్న పేరొక్కటే కావాలిట. షెడ్డూ యంత్రాలూ మనకే ఉంటాయి."

"చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లను చూశాను. చెట్టొద్దు, కాయలొద్దు, పేరొక్కటీ ఇవ్వండి అనేవాళ్లను ఇప్పుడే చూస్తున్నా. ఆ పేరు ఎవరిదే? మీ నాన్నదా? నీదా?"

చిన్నది తల దించుకుంది. తనది కాదని ఆమెకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

నాన్న ఒకప్పుడు తలుపులూ కిటికీలూ చేసేవాడు. అమ్మ రేడియోలు బాగుచేసే దుకాణంలో కూచునేది. ఒక రోజు ఒక పాటగాడు వచ్చి, "మేస్త్రీ, చివరి వరసలో కూచున్నవాడికి కూడా వినబడే గిటారు చేసిపెట్టగలవా?" అని అడిగాడు. ఆ మాట నాన్నకు నిద్ర లేకుండా చేసింది. తలుపు కోసం తెచ్చిన చెక్కలోంచి దాని ఒళ్లు కోశాడు. కుట్టుమిషను చక్రం తిప్పుతూ అమ్మ అయస్కాంతాల చుట్టూ రాగితీగ చుట్టింది. ఆ ఇద్దరి మధ్య నేలమీద వాళ్ల తొలి బిడ్డ, ఆరేళ్ల పిల్ల బోర్లాపడుకుని ఉండేది. గంటకో మెతుకు తిని రోజంతా కిచకిచలాడే పిల్ల. ఇంట్లో ముద్దుపేరు పిచ్చుక. పెద్దవాళ్లు అటు తిరిగిన సమయం చూసి గిటారు తలమీద పెన్సిలుతో తన పేరుగల పక్షిని గీసింది. ఒక రెక్క గోరంత, ఇంకో రెక్క చేటంత. చెరపబోయిన నాన్న చెయ్యిని అమ్మే పట్టుకుని ఆపింది.

ఆ గిటారు చివరి వరస దాకా మోగింది. దాన్ని విన్న ఇంకో పాటగాడు వచ్చాడు. అతన్ని చూసి మరొకడు. అందరూ ఆ వంకర రెక్క కూడా ఉండాలన్నారు. మరుసటి వానాకాలం జ్వరం తగిలి, చూస్తుండగానే పిల్ల పోయింది. పేరు మాత్రం ఊళ్లు పట్టి తిరిగింది. కొన్నేళ్ల పాటు ఏ వేదిక మీద చూసినా ఆ పక్షే కనబడేది.

ఆ తర్వాత పుట్టింది చిన్నది. ఇంట్లో ఉన్నది ఒక్కతే కూతురైనా అందరికీ ఆమె చిన్నదే. కొత్తగా పనిలో చేరినవాళ్లు "మరి పెద్దమ్మాయిగారెక్కడ?" అని అడిగి నాలిక కరుచుకునేవాళ్లు. చిన్నప్పుడు ఒకసారి పిల్లి బొమ్మ గీసి అమ్మకు చూపించింది. అమ్మ బాగుందనే అంది. అంటూ అంటూ గోడకున్న గిటారు తల వైపు చూసింది. చిన్నది మళ్లీ బొమ్మ జోలికి పోలేదు. పెద్దయ్యాక గిటారుకు గొంతునిచ్చే ఆ తీగచుట్టలు, పికప్‌లు, చుట్టడంలో ఆమె అమ్మను మించిపోయింది. కానీ ఎంత బాగా చుట్టినా, "ఈ పిచ్చుక భలే పలుకుతోందండీ" అనేవాళ్లే అందరూ.

ఒక్క రోజు, ఒక్క రోజైనా అమ్మకు తనొక్కతే కూతురు కావాలని ఆమె కోరిక. నలభై దాటాక ఎవరితో చెప్పుకుంటారు అలాంటివి?

"నువ్వు సంతకం పెట్టవు," అంది అమ్మ, ఇంకో గిటారు అందుకుంటూ. "పెడితే నన్ను అమ్మా అని పిలవకు."

* * *

ఇల్లు షెడ్డు మీదే. మెట్లెక్కి వెళ్లేసరికి నాన్న కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. బల్లమీద అన్నం పళ్లెం మీద మూత తియ్యలేదు. కింద గీకుతున్న చప్పుడు పైకి స్పష్టంగా వినబడుతోంది.

"ఇంకా ఎన్ని మిగిలాయి?" అని అడిగాడు.

"సగం."

"పోనీలే. ఎలాగూ ఆ పేరుతో బయటికి పోకూడదు. పని తగ్గించింది."

"నాన్నా, ఇది హాస్యమాడే సమయమా?"

ఆయన చెక్కపొట్టు ఇంకిపోయిన వేళ్లతో కుర్చీ చెయ్యి తడుముతూ ఉండిపోయాడు.

"నాకొక్కటి చెప్పు," చిన్నది ఎదురుగా నేలమీద కూచుంది. "గిరాకీ తగ్గిందన్నావు, నిజమే. యంత్రాలు చేసే చవక గిటార్ల ముందు మనం నిలవలేమన్నావు, అదీ నిజమే. కానీ షెడ్డు మూసేసి ఊరుకోవచ్చుగా. పేరు ఎందుకు ఇచ్చేస్తున్నావు? అమ్మ ప్రాణం అందులో ఉందని తెలిసి?"

"తెలుసు కాబట్టే ఇన్నాళ్లు మోశాను."

"మొయ్యడమేమిటి?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. ఆయన మాటల మనిషి కాదు. కొయ్యతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడని పనివాళ్లు నవ్వుకుంటూ ఉంటారు.

"ఫోనెత్తుతాను. 'మేస్త్రీ, మా పిచ్చుక మెడ విరిగింది' అంటాడు అవతలివాడు. ఇంకొకడు 'పిచ్చుక మూగబోయింది, మళ్లీ పలుకుతుందా?' అంటాడు. దుకాణాలవాళ్లు 'పాత పిచ్చుకలు ఎవరికీ అక్కర్లేదు, వెనక్కి తీసుకుపోండి' అంటారు. వాళ్ల తప్పేముందమ్మా. వాళ్లకి అది వస్తువు. అలాగేనండీ, పంపించండి అంటాను నేను."

చిన్నది ఆయన కుర్చీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"ఒకతను సంచిలో తెచ్చి నా బల్లమీద పెట్టాడు. మెడ రెండు ముక్కలు. 'చచ్చిపోయింది మేస్త్రీ, నువ్వే బతికించాలి' అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. జిగురు పెట్టి, బిగించి, ఆరాక తీగలు కట్టి ఇస్తే మోగింది. 'చచ్చినదాన్ని బతికించావు, నీది దేవుడి చెయ్యి' అని వాడు నా చెయ్యి కళ్లకద్దుకున్నాడు. వాడు వెళ్లాక స్నానాల గదిలోకి పోయి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. కొయ్యను బతికించాను. దాన్ని మటుకు..."

కింద గీకుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది.

"ఈ మాట అమ్మతో ఎప్పుడైనా అన్నావా?"

"ఏమని అనను? ఆ పేరు నలుగురూ పలుకుతుంటే పిల్ల ఇంకా ఎక్కడో ఉన్నట్టే మీ అమ్మకి. నీకు ఊపిరైనది నాకు ఉరి అని చెప్పమంటావా?"

"చెప్పాల్సింది."

"చెప్పేది వయసులో ఉన్నప్పుడే చెప్పాలి. ముసలైపోయాక చెప్తే అది ఓదార్పు కాదు, దెప్పు అవుతుంది." ఆయన కళ్లు తుడుచుకోలేదు. "నాకు ఓపిక అయిపోయిందమ్మా. ఆ పేరు ఎవరైనా పట్టుకుపోతే, నేను పోయేలోపు కాస్త నిశ్శబ్దంగా కూచుంటాను. అంతే."

చిన్నదానికి ఎవరి వైపు మాట్లాడాలో తెలియలేదు. కింద ఒకరు పేరును కాపాడడానికి బొమ్మను చెరిపేస్తున్నారు. పైన ఒకరు పిల్లను తలుచుకోలేక పేరు ఇచ్చేస్తున్నారు. ఇద్దరికీ కడుపుకోత ఒకటే. ఇన్నేళ్లుగా ఒకే కప్పు కింద ఉండి ఒకరి ఏడుపు ఒకరికి వినబడలేదు.

"నేను సంతకం పెడితే ఇక అమ్మ నాతో మాట్లాడదట," అంది.

"పెట్టకపోతే నేను మాట్లాడకుండా ఉంటానా? ఉండను. నీ ఇష్టం."

ఆ మాటే ఆమెకు ఎక్కువ బరువనిపించింది.

* * *

కొనేవాళ్ల తరఫున వచ్చింది చక్కటి అమ్మాయి. మెట్ల కింద చెప్పులు విడిచి, చెక్కపొట్టుకు వచ్చిన తుమ్ము ఆపుకుంటూ, "నమస్కారం సార్" అంటూ పైకి వచ్చింది. ఆమె ముఖంలో గర్వం ఏమీ లేదు. చిన్నది ఆమెను అసహ్యించుకోవడానికి సిద్ధపడి కూచుని, అది కుదరక ఇబ్బంది పడింది.

"నేను మీ గిటారు వాయిస్తాను సార్. మా అన్నయ్యది. అందుకే ఈ పని నేనే అడిగి తీసుకున్నాను," అంది కాగితాలు తీస్తూ. "ఇంకో మంచి సంగతి. ప్రతి గిటారు పెట్టెలోనూ మీ కంపెనీ చరిత్ర చిన్న పుస్తకంలా వేసి పెడుతున్నాం."

"చరిత్రా?" అన్నాడు నాన్న.

"అవును సార్. తలుపు చెక్కతో చేసిన మొదటి గిటారు, కుట్టుమిషను మీద చుట్టిన తీగ, అన్నీ. మొదటి పేజీలో పాప ఫొటో వేస్తాం."

"ఏ పాప?"

ఆ అమ్మాయి గొంతు మెత్తబడింది. "మీ పెద్దమ్మాయి సార్. పిచ్చుక పాప. దుకాణాలవాళ్లు చెప్పారు. విని నేనే ఏడ్చాను. జనానికి ఇలాంటివే మనసులో నిలుస్తాయి. ఒక ఫొటో ఇప్పించండి. ఏ జబ్బు చేసింది, చివర్లో ఏమైనా మాట్లాడిందా, అలాంటివి కొంచెం చెప్తే మావాళ్లు రాసుకుంటారు." కాగితం ఒకటి ముందుకు జరిపింది. "రెక్క వంకర మాత్రం కాస్త సరిచేశాం. చిన్న అచ్చులో బాగా రావడం లేదని."

కాగితం మీద అచ్చమైన పక్షి ఒకటి ఉంది. రెండు రెక్కలూ సమానం.

నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. చిన్నది లేచి ఆయన దగ్గరికి వెళ్లబోయింది. అంతలో ఆయన తల ఎత్తాడు.

"మీకెవరో తప్పు చెప్పారమ్మా."

"ఏది సార్?"

"ఆ బొమ్మ నేను గీసిందే. నాకు బొమ్మలు రావు. అందుకే రెక్క అలా పోయింది."

"మరి పాప..."

"పాపా లేదు, పాడూ లేదు." నాన్న గొంతు పీలగా, పరాయి మనిషి గొంతులా ఉంది. "పిచ్చుక అంటే పిచ్చుకే. ఆ కిటికీలో గూడు కట్టింది. పేరు పెట్టుకున్నాం. దుకాణాలవాళ్లు సరుకు అమ్ముడుపోవడానికి ఏవేవో అల్లుతారు. వాటిని నమ్మకండి."

గుమ్మం దగ్గర అలికిడి అయింది. ఇనపరేకు చేత్తో పట్టుకుని అమ్మ నిలబడి ఉంది. జుట్టు నిండా వార్నిష్ పొడి. ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో తెలియదు.

అంతా అయిపోయింది అనుకుంది చిన్నది. ఏ పిల్ల పేరు కోసం పొద్దుటి నుంచి గిటార్ల తలలు గీకుతోందో, ఆ పిల్ల పుట్టనే లేదని కన్నతండ్రి నోట వినడం కంటే ఘోరం ఇంకేముంది?

"నమస్కారం మేడం," ఆ అమ్మాయి లేచి నిలబడింది. "సార్ ఇలా అంటున్నారు. మేము విన్నది వేరేలా ఉంది. మీరైనా..."

అమ్మ ఆమె వైపు చూడలేదు. నాన్న వైపు చూసింది. ఆయన తల దించుకుని, తప్పు చేసి బడి గోడకు నిలబడ్డ పిల్లవాడిలా కూచున్నాడు. కాగితం మీది సమానమైన రెక్కల మీద ఆయన చెయ్యి పరిచి ఉంది. ఎవరికీ కనబడకుండా దాన్ని మూసేసినట్టు.

అమ్మ నెమ్మదిగా లోపలికి వచ్చింది. రేకు బల్లమీద పెట్టింది. ఎన్నో ఏళ్లుగా ఆ ఇంట్లో ఇద్దరూ ఎదురెదురుగా కూచునేవాళ్లు. ఇవాళ ఆయన పక్కన, భుజం తగిలేంత దగ్గరగా కూచుంది.

"ఆయన చెప్పిందే నిజం," అంది. "మాకు ఒక్కతే కూతురు. ఇదిగో, ఇదే."

ఆమె చెయ్యి వచ్చి చిన్నదాని తలమీద ఆనింది.

జీవితమంతా చిన్నది ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు ఆ చెయ్యి తలమీద ఉండగా ఎన్నడూ చూడని అక్క కోసం, ఎప్పుడూ అసూయపడ్డ అక్క కోసం ఏడుపు తన్నుకొచ్చింది. పళ్లు బిగించి దాన్ని మింగేసింది.

ఆ అమ్మాయికి నమ్మకం కుదిరిందో లేదో గానీ తలాడించింది. "క్షమించండి. చరిత్ర మళ్లీ రాయిస్తాను. అయితే ఒక చిన్న పని పెరిగింది మేడం," అంది చిన్నదానితో. "బొమ్మ వేరేవాళ్లు గీశారని రేపు ఎవరైనా గొడవకు రాకూడదు కదా. మీరొక్కరే సంతానమనీ, ఆ బొమ్మ నాన్నగారిదేననీ సంతకం పైన మీ చేత్తో రాసివ్వండి. అంతే."

కలం మూత తీసి చేతికిచ్చింది.

"మీరు కాసేపు వరండాలో కూచుంటారా?" అంది చిన్నది. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

ఆ అమ్మాయి బయటికి వెళ్లి తలుపు చేరవేసింది. ముగ్గురూ మిగిలారు. కింద షెడ్డులో ఎవరో ఊడుస్తున్న చప్పుడు.

"వద్దు," అన్నాడు నాన్న. "రాయకు. కాగితాలు వెనక్కి ఇచ్చెయ్యి. నా నోటితో దాన్ని లేదన్నాను. మళ్లీ నీ చేత్తో కూడా రాయించాలా? నేను మాట తప్పానని వాళ్లను ఏమైనా చేసుకోనీ. నా వల్ల కాదు."

"రాసెయ్యి," అంది అమ్మ.

చిన్నది తుళ్లిపడి చూసింది. అమ్మ చెయ్యి నాన్న చేతి మీద ఉంది.

"ఇందాక ఈయన లేదన్నారు చూడు, అప్పుడే పిల్ల మన ఇంటికొచ్చేసింది. అప్పటిదాకా ఎక్కడెక్కడో, ఎవరెవరి చేతుల్లోనో తిరుగుతూనే ఉంది." అమ్మ గొంతు తడబడింది. "ఇక ఆ పక్షిని ఎవడు ఏ తలమీద పెట్టుకుంటే నాకేం? రాసిచ్చి పంపించు."

"వద్దంటున్నానా!" నాన్న లేచి నిలబడ్డాడు.

"రాయమంటున్నానా!"

బయట నుంచి తలుపు మీద వేళ్లతో మెల్లగా తట్టిన చప్పుడు. "అయిందా మేడం?"

చిన్నది కలం కాగితం మీద ఆనించింది. తండ్రి ముఖం చూసింది, తల్లి ముఖం చూసింది.

"ఇంకా కాలేదు," అంది.